సందు ఇచ్చేయమంటున్నారు: ఇవ్వాలా, ఉంచుకోవాలా, మధ్యేమార్గం ఉందా?

మా వీధి చివర కరెంటు స్తంభానికి ఒకరోజు పొద్దున్న ఒక కాగితం అతికించి ఉంది. పాలప్యాకెట్ల కోసం వెళ్తూ ఆగి చదివాను. మా వీధినీ వెనక వీధినీ కలిపే సందుని శాశ్వతంగా మూసేసే ప్రతిపాదన వచ్చిందని, అభ్యంతరాలుంటే రాసి ఇవ్వాలని అందులో ఉంది. సందుకి అటూ ఇటూ ఉన్న రెండు స్థలాలూ ఈమధ్యే ఒక నర్సింగ్ హోమ్ వాళ్ళ చేతికి వచ్చాయి. మధ్యలో ఈ సందు లేకపోతే రెండూ కలిసి ఒకే పెద్ద స్థలం అవుతుంది. అందుకే వాళ్ళు అడిగారు.

సాయంత్రానికి వీధి రెండుగా చీలిపోయింది. "ఆ సందులో చెత్త, చీకటి తప్ప ఏముంది, ఇచ్చేస్తే పోలేదా" అని కొందరు. "ప్రాణం పోయినా ఇవ్వకూడదు" అని ఇంకొందరు. నేను రెండో గుంపులో ఉన్నాను. తర్వాత నాలుగు నెలలు జోనల్ ఆఫీసు చుట్టూ, వార్డు సచివాలయం చుట్టూ తిరిగాక నాకు అర్థమైంది ఏమిటంటే, మేం పోట్లాడుకున్నది తప్పు ప్రశ్న మీద. ఇవ్వడం, ఇవ్వకపోవడం అనే రెండు దారులే ఉన్నాయనుకున్నాం. నిజానికి మధ్యలో ఇంకా నాలుగైదు ఉన్నాయి. అవి ఒకదానికొకటి ఎంత తేడావో తెలియక చాలా కాలనీలు నష్టపోతున్నాయి. మన విశాఖలో అక్కయ్యపాలెం కానీ, మధురవాడ కానీ, గాజువాక కానీ, రేపు మీ వీధిలో ఇలాంటి కాగితం కనిపిస్తే ఇది పనికొస్తుందని రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అడిగినవాళ్ళ అసలు అవసరం తీరడానికి ఎంత తక్కువ ఇస్తే సరిపోతుందో అంతే ఇవ్వాలి. అదీ మళ్ళీ వెనక్కి తీసుకోగలిగే పద్ధతిలోనే ఇవ్వాలి. కింద పోలిక అంతా ఈ కొలబద్ద మీదే నడుస్తుంది.

ముందు, అది ఎవరి సొత్తు?

"రోడ్డు కార్పొరేషన్‌ది, వాళ్ళిష్టం" అనే మాట మా మీటింగులో కనీసం పదిసార్లు వినపడింది. అది సగం నిజమే. వీధి నగరపాలక సంస్థకి దఖలు పడి ఉంటుంది. కానీ మున్సిపల్ ఆఫీసు కుర్చీలు, లారీలు ఉన్నట్టు ఉండదు. జనం నడవడం కోసం, జనం తరఫున వాళ్ళు చూసుకుంటున్న ఆస్తి అది.

దీని మీద సుప్రీంకోర్టు 1964లో ఇచ్చిన, ఉత్తరాదిలోని మంగ్లౌర్ పట్టణ మున్సిపల్ బోర్డు తీర్పు చదివాక నాకు ధైర్యం వచ్చింది. అక్కడి మున్సిపాలిటీ రోడ్డు పక్కన ఖాళీ జాగాలో గాంధీగారి విగ్రహం, దానికి అటొక గది ఇటొక గది కట్టి ఒకదాంట్లో చలివేంద్రం, ఇంకోదాంట్లో గ్రంథాలయం పెడదామనుకుంది. అందులో ఒక్కటీ చెడ్డపని కాదు. అయినా కోర్టు ఒప్పుకోలేదు. రోడ్డుగా వాడుకోవడానికి గానీ, దాన్ని బాగుచేసుకోవడానికి గానీ అవసరం లేని కట్టడం ఆ జాగాలో కట్టే అధికారం మున్సిపాలిటీకి లేదంది. గాంధీగారి విగ్రహానికే చోటు ఇవ్వలేని జాగాని ఒక ప్రైవేటు గోడకి ఊరికే రాసివ్వడం కుదరదన్న సంగతి అప్పుడు గట్టిగా తలకెక్కింది.

అలాగని అసలే ఇవ్వకూడదని కూడా లేదు. 1955లో హైదరాబాద్ కోసం వచ్చి, తర్వాత విశాఖకి వర్తింపజేసిన మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలో వీధిని శాశ్వతంగా మూసే దారి ఉంది. దానికో పద్ధతి ఉంది. కమిషనర్ ఒక్కరూ సంతకం పెట్టేస్తే చాలదు, కౌన్సిల్ ఒప్పుకోవాలి. కౌన్సిల్ ఆ విషయం తేల్చే మీటింగుకి కనీసం నెల ముందు ఆ వీధిలోనే నోటీసు పెట్టాలి. రాసి ఇచ్చిన అభ్యంతరాలని చూడాలి. మూశాక ఆ స్థలాన్ని కార్పొరేషన్ తన మిగతా భూముల్లాగే అమ్మొచ్చు, ఇంకోలా వాడొచ్చు. అంటే మనకి గట్టి అవకాశం ఉన్నది ఆ నెల రోజులే. నోటీసు వర్షానికి తడిసి ఊడిపోతే ఎవరికీ తెలియదు. కనిపించిన వెంటనే తేదీతో సహా ఫోటో తీసి పెట్టుకోండి.

ఇక్కడ విశాఖ సంగతి ఒకటి గుర్తుచేయాలి. 2012 నుంచి 2021 దాకా మన నగరానికి ఎన్నికైన కౌన్సిల్ లేదు. అలాంటి కాలంలో తీర్మానాలన్నీ ప్రత్యేకాధికారి పేరు మీద నడుస్తాయి. పట్టుకుని అడగడానికి కార్పొరేటర్ ఉండరు. అప్పుడు రాతలో ఇచ్చిన అభ్యంతరమే మన నోరు.

లెక్క రాయకుండా మాట్లాడొద్దు

మా అసోసియేషన్‌లో ఒక పెద్దాయన, రిటైరైన రైల్వే ఉద్యోగి, ఒక మంచి మాట అన్నారు. "బాబూ, ఎవరు నడుస్తున్నారో తెలీకుండా ఎవరికి కావాలో ఎలా చెప్తాం?" అందుకని మూడు రోజులు, అందులో ఒకటి ఆదివారం, సందు మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాం. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది.

అక్కడ ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాను. ఆ మూడు రోజుల్లో చూసినంత ఎప్పుడూ చూడలేదు. ఆరున్నరకి నెత్తి మీద గంపతో చేపలమ్మే ఆమె వచ్చింది. ఎదురుగా స్కూటర్ వస్తే గోడకి ఒత్తిగిలి, గంప పట్టుకున్న చెయ్యి తియ్యకుండానే దారి ఇచ్చింది. తర్వాత యూనిఫాం పిల్లలు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని. గ్యాస్ బండలు తోసుకుంటూ ఒకతను. నలుగురు పనమ్మాయిలు. ఎనిమిదికి వెనక వీధి నుంచి చక్రాల కుర్చీలో ఒకాయన, కూతురు నెడుతోంది. మెయిన్ రోడ్డు మీద డ్రైనేజీ పలకలు ఎత్తుపల్లంగా ఉన్నాయి కాబట్టి ఫిజియోథెరపీకి ఈ సందులోంచే తీసుకెళ్తానని చెప్పింది. చేపలామె నా పుస్తకం చూసి అడిగింది: "ఏటి బాబూ, ఈ దారి మూసేస్తారంట గదా? మరి నానెటెల్లాల?"

ఆ సందులో ఎవరూ లేరన్నవాళ్ళందరూ కారుల్లో తిరిగేవాళ్ళు. వాళ్ళది అబద్ధం కాదు, వాళ్ళకి కనపడలేదంతే.

మీరు లెక్క రాసేటప్పుడు మొత్తం ఎంతమంది అన్నదొక్కటే కాదు, ఎవరు, ఎందుకు, ఈ దారి లేకపోతే ఎటు తిరిగి వెళ్ళాలి అన్నవి కూడా రాయండి. చుట్టుదారి పొడవు మనిషి కాళ్ళతో కొలవండి. మన ఊళ్ళో కొండవాలు ఎక్కువ. ఆరిలోవలోనో, కంచరపాలెం కొండ మీదనో మ్యాపులో రెండు వందల మీటర్లు అని కనపడేది మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఎనభై మెట్లు కావచ్చు.

వర్షం పడ్డ రోజు కూడా వెళ్ళి చూడండి. విశాఖలో కొండల మీద పడ్డ నీళ్ళు గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి, గెడ్డల్లోంచి సముద్రంలోకి పోవాలి. చాలా సందులు మనుషులకి ఎంత దారో వాననీటికి అంత దారి. మా సందు కింద మురుగు పైపు, మంచినీళ్ళ పైపు రెండూ ఉన్నాయి. హుద్‌హుద్ తుఫాను తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో నగరంలో చాలాచోట్ల కరెంటు తీగల్ని భూమిలోకి దించారు కాబట్టి కేబుల్ కూడా ఉండొచ్చు. వాటి మీద భవనం లేస్తే రేపు పైపు పగిలినప్పుడు ఎక్కడ తవ్వుతారు?

హుద్‌హుద్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. 2014 అక్టోబరు 12 సాయంత్రం గాలి తగ్గాక బయటికి వస్తే మా మెయిన్ రోడ్డుకి అడ్డంగా రెండు చెట్లు పడి ఉన్నాయి. మర్నాడు మంచినీళ్ళ క్యాన్లు, పాలు, పక్కింటి బాలింతని ఆసుపత్రికి తీసుకెళ్ళడం, అన్నీ ఈ సందులోంచే. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీకైనప్పుడు జనం చీకట్లో ఏ దారి దొరికితే ఆ దారిన పరుగెత్తారు. అలాంటి రోజుల్లో ఒక వీధికి రెండు దారులుండడం చిన్న విషయం కాదు. రోజువారీ లెక్కలో ఇది రాదు కాబట్టి విడిగా రాసుకోవాలి.

పూర్తిగా మూసి అమ్మేయడం

కార్పొరేషన్‌కి డబ్బు వస్తుంది, అడిగినవాళ్ళకి పట్టా వస్తుంది. మనకి గోడ మిగులుతుంది.

డబ్బు సంగతి కొంచెం లోతుగా చూడాలి. ఇక్కడే మోసపోతాం. మా సందు పన్నెండు అడుగుల వెడల్పు, నూటయాభై అడుగుల పొడవు. అంటే 1,800 చదరపు అడుగులు, సరిగ్గా 200 గజాలు. రిజిస్ట్రేషన్ విలువ ప్రకారం 200 గజాలకి ఇంత అని లెక్క కడితే న్యాయంగానే కనపడుతుంది. కానీ కొనేవాడికి వచ్చేది 200 గజాలు మాత్రమే కాదు. సందుకి అటు ఆరువందల గజాలు, ఇటు ఆరువందల గజాలు ఉన్నాయనుకుందాం. విడివిడిగా కడితే రెండు భవనాలకీ సందు వైపు ఖాళీ వదలాలి, రెండేసి మెట్లు, లిఫ్టులు, ర్యాంపులు కట్టుకోవాలి. సందు కలిస్తే 1,400 గజాల ఒకే స్థలం. మధ్యలో వదలాల్సిన ఖాళీలు ఉండవు, సెల్లారు ఒకటే, పార్కింగు ఒకటే. ఆ సందు వాళ్ళకి అతుకు లాంటిది. అతుకు ధరని గుడ్డముక్క ధరతో కొలవకూడదు. అమ్మడమే ఖాయమైతే, సందు కలవకముందు రెండు స్థలాల విలువ ఎంత, కలిశాక మొత్తం విలువ ఎంత, ఆ తేడాలోంచి నగరానికి వాటా రావాలని అభ్యంతరంలో రాయండి. ఈ మాట అడిగినవాళ్ళు తక్కువ.

డబ్బు ఎంత వచ్చినా చక్రాల కుర్చీ ఆయన ఫిజియోథెరపీకి వెళ్ళే దారి దాంతో రాదు. అందుకే జనం నడుస్తున్న సందుకి అమ్మకం నేను ఒప్పుకోను.

మరి అమ్మకం ఎక్కడ సరైనది? ఒక రకం సందుల్లో. వన్‌టౌన్ వైపు, అల్లిపురం, వెలంపేట లాంటి పాత పేటల్లో ఇళ్ళ వెనక సన్నటి సందులు కనిపిస్తాయి. ఒకప్పుడు ఇళ్ళ మరుగుదొడ్లు శుభ్రం చేసే మనుషులు ముందు గుమ్మంలోంచి రాకూడదని వెనక నుంచి వదిలిన దారులు అవి. ఆ పనిని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం నిషేధించాయి. ఒక మనిషిని వెనక సందులోనే నడవమన్న రోజుల గుర్తు అది, దాన్ని కాపాడుకోవలసిన అవసరం నాకు కనపడదు. ఇప్పుడు అలాంటి సందులో రెండు వైపులా గోడలు లేచి, ఎవరూ నడవక, కింద మురుగు పైపు కూడా లేకపోతే, పక్క ఇళ్ళవాళ్ళందరికీ సమానంగా పంచి, సరైన ధర తీసుకుని ఇచ్చేయడమే మంచిది. కింద పైపు ఉంటే మాత్రం వద్దు. "అందరికీ సమానంగా" అన్నది కూడా వదలకండి. ఒక్కడే మొత్తం కొనేస్తే మిగతా ఇళ్ళకి గాలి ఆడదు.

సందుకి సందు: మార్పిడి

"ఈ సందు మాకివ్వండి, మా స్థలం చివర్లో అంతే వెడల్పు దారి మేం వదులుతాం." వినడానికి ఇంతకన్నా న్యాయం లేదనిపిస్తుంది. చాలాసార్లు న్యాయమే. కొత్త దారి పాతదానికన్నా వెడల్పుగా, తిన్నగా ఉంటే నేను అమ్మకం కన్నా, లీజు కన్నా దీనికే ఓటేస్తాను.

చూడాల్సింది వివరాల్లో ఉంది. మాకు చూపించిన కొత్త దారి వెడల్పు అంతే ఉంది, కానీ మధ్యలో లంబంగా తిరిగే మూల ఉంది. టేపు పట్టుకుని వెళ్ళి చూస్తే, ఆ మూలలో ఆటో తిరుగుతుంది, అంబులెన్సు తిరగదు. పైగా అటువైపు నేల పల్లం, వాననీళ్ళు అక్కడే నిలుస్తాయి. మార్పిడి ఒప్పుకుంటే ఒక వరస తప్పకూడదు. ముందు కొత్త దారిని కార్పొరేషన్ పేరు మీద గిఫ్ట్ డీడ్‌గా రిజిస్టర్ చెయ్యాలి. తర్వాత రోడ్డు, కాలువ, లైట్లు పడాలి. జనం దాంట్లో నడవడం మొదలయ్యాకే పాతది మూయాలి. "ముందు మూసేయండి, భవనం అయ్యాక దారి వేస్తాం" అంటే ఒప్పుకోవద్దు. భవనాలు ఏళ్ళ తరబడి కడతారు.

లీజు వేరు, లైసెన్సు వేరు

ఈ రెండూ ఒకటే అనుకునేవాణ్ణి. ఆఫీసులో ఒక మంచి ఉద్యోగి విడమర్చి చెప్పారు. లీజు ఇస్తే ఆ కాలానికి స్థలం మీద హక్కే చేతులు మారుతుంది. గడువు తీరాక ఖాళీ చెయ్యకపోతే కోర్టుల చుట్టూ తిరగాలి. లైసెన్సు అంటే ఒక పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి మాత్రమే, స్థలం మీద హక్కు రాదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలోనే ఈ తేడా ఉంది.

కాబట్టి అడిగినవాళ్ళకి కావలసింది కొన్నాళ్ళ వాడకమైతే లైసెన్సు ఇవ్వాలి. ఉదాహరణకి భవనం కట్టేటప్పుడు క్రేను పెట్టుకోవడానికి చోటు, పండక్కి పందిరి. ఏటేటా ఫీజు, రద్దు చేసే అధికారం, శాశ్వత కట్టడం వద్దన్న షరతు. పదేళ్ళ లీజు, ముప్పై మూడేళ్ళ లీజు అంటే పేరుకే లీజు, అది అమ్మకానికి చుట్టం. అమ్మితే కనీసం సరైన డబ్బు వస్తుంది. దీర్ఘకాలం లీజులో దారీ పోతుంది, డబ్బూ సరిగా రాదు. నా దృష్టిలో అన్నిటికన్నా నాసిరకం ఎంపిక ఇదే.

గేటు

కాలనీలు తమంతట తాము అడిగేది ఎక్కువగా ఇదే. దొంగతనాల భయం. ఆడపిల్లలున్న ఇళ్ళవాళ్ళ టెన్షన్ నాకు తెలుసు, తేలిగ్గా తీసుకోను. కానీ పబ్లిక్ సందుకి అనుమతి లేకుండా గేటు పెట్టడం ఆక్రమణే, అది మనం చేసినా సరే.

అనుమతితో పెడితే కొన్ని షరతులు కావాలి. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఐదు దాకా మాత్రమే మూయడం. పెద్ద గేటు మూసినా మనిషి పట్టే దిడ్డి తెరిచి ఉంచడం. తాళం ఉంటే కాపలా మనిషి ఉండటం, తాళంచెవి ఒకే ఇంట్లో ఉండకపోవడం. గేటు పక్కన వేళలు రాసిన బోర్డు. కొన్నాళ్ళకి వేళలు పెరుగుతాయి, అది అనుభవం. పదకొండు కాస్తా తొమ్మిదవుతుంది, తర్వాత మధ్యాహ్నం కూడా మూస్తారు. అందుకే ఏడాదికోసారి అనుమతి మళ్ళీ తీసుకోవాలన్న షరతు తప్పనిసరి.

వాహనాలు ఆపి, నడక ఉంచడం

ఇది చాలామందికి తట్టదు. మన బీచ్ రోడ్డే ఉంది కదా. ఆర్.కె. బీచ్ దగ్గర పొద్దున్నే వాహనాలు ఆపి రోడ్డుని నడిచేవాళ్ళకి ఇచ్చేస్తారు. రోడ్డు ఎటూ పోలేదు, హక్కూ పోలేదు, వాడకం మాత్రం మారింది. సందు విషయంలో కూడా రెండు చివర్లా రాతి స్తంభాలు పాతి స్కూటర్లు ఆపేసి, నడక ఉంచితే చాలా తగువులు తీరతాయి. నర్సింగ్ హోమ్ వాళ్ళ గొడవ హారన్ల మోతే అయితే దీంతో సరిపోతుంది. అవసరమైతే తీసేసేలా ఒక స్తంభం తాళంతో పెట్టాలి, అంబులెన్సు కోసం.

రెండు స్థలాల మధ్య రోగుల్ని, సామాన్లని దాటించడమే వాళ్ళ అవసరమైతే పైన వంతెన కట్టుకోనివ్వొచ్చు. అగ్నిమాపక వాహనం కింద నుంచి వెళ్ళేంత ఎత్తు ఉండాలి, ఏటా అద్దె కట్టాలి. నేల మాత్రం నేలగానే ఉంటుంది.

ఏమీ చెయ్యకుండా ఉంచడం

ఇవ్వకూడదని గెలిచిన కాలనీలు ఇక్కడే ఓడిపోతాయి. చీకటి సందు చీకటిగానే ఉంటే రెండేళ్ళకి మళ్ళీ ఎవరో అడుగుతారు, అప్పుడు వెనక ఎవరూ నిలబడరు. ఇచ్చేద్దామన్న మా వీధివాళ్ళ కోపంలో నిజం ఉంది. పొద్దున లేస్తే సీసా ముక్కలు, ఉచ్చ కంపు. కాబట్టి "ఉంచండి" అని రాసే కాగితంలోనే "రెండు లైట్లు వేయండి, కాలువ మీద పలకలు సరిచేయండి, చెత్త బండి రోజూ రావాలి" అని కూడా రాయాలి.

ఇంకో ప్రమాదం ఉంది. సందులు ఎక్కువగా తీర్మానాలతో పోవు, చప్పుడు లేకుండా పోతాయి. ఇవాళ ఒక ర్యాంపు, రేపు ఒక రేకుల షెడ్డు, ఎల్లుండి జనరేటరు, ఆ పైన గోడ. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ఆక్రమించిన వీధిని తిరిగి స్వాధీనం చేసుకోవడానికి స్థానిక సంస్థ దావా వెయ్యాల్సింది ముప్పై ఏళ్ళలోపు. ముప్పై ఏళ్ళంటే చాలా అనిపిస్తుంది కానీ, ఒక తరం ఊరుకుంటే సరిపోతుంది. ఏడాదికొకసారి టేపు పట్టుకుని వెడల్పు కొలిచి, ఫోటోతో పాటు అసోసియేషన్ పుస్తకంలో రాసిపెట్టండి.

ఎవరు అడిగితే ఏమనాలి

బిల్డర్ అడిగితే మార్పిడి దాకా మాట్లాడొచ్చు, అంతకు మించి వద్దు. ఆసుపత్రి అయితే మనసు మెత్తబడుతుంది. మాకూ మెత్తబడింది, ఆసుపత్రికి వ్యతిరేకంగా సంతకం పెట్టడానికి చెయ్యి రాదు. అప్పుడు ఒక ప్రశ్న అడగండి: మీకు కావలసింది స్థలమా, రోగుల్ని దాటించే దారా, నిశ్శబ్దమా? మూడింటికీ మూడు వేరు వేరు జవాబులున్నాయి, వాటిలో అమ్మకం ఒకదానికే జవాబు.

గుడికో, మసీదుకో, చర్చికో అడిగినప్పుడు అందరం నోరు మూసుకుంటాం. ఈ ఊళ్ళో దారికీ దేవుడికీ ఉన్న సంబంధం కొత్తది కాదు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారు రోడ్డు మధ్యలో ఉన్నారని 1912లో మున్సిపాలిటీ వాళ్ళు పక్కకి జరిపారని, 1917లో ప్లేగు వచ్చినప్పుడు అమ్మవారిని కదిలించినందుకే అని జనం భయపడి మళ్ళీ పాత చోటికే తెచ్చారని ఆలయ చరిత్ర చెబుతారు. నూరేళ్ళు దాటినా ఆ సంగతి ఇంకా చెప్పుకుంటున్నాం. దారి విషయంలో తీసుకున్న నిర్ణయాన్ని ఈ ఊరు అంత తొందరగా మరిచిపోదు. ఉత్సవానికి దారి కావాలంటే ఆ రోజులకి అనుమతి ఇద్దాం. ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం గిరిప్రదక్షిణకి 32 కిలోమీటర్ల దారి పొడుగునా వాహనాలు ఆపి జనానికి వదలడం లేదా? ఎవరి పేరనా రోడ్డు రాసివ్వకుండానే ఆ పండగ ఏటా జరుగుతోంది.

సముద్రానికి వెళ్ళే దారులు మాత్రం వేరే లెక్క. పెద జాలరిపేట లాంటి చోట పడవ దగ్గరికి వల మోసుకెళ్ళే సందుకి మార్పిడి, లైసెన్సు, గేటు ఏదీ పనికిరాదు. దాన్ని దాని మానాన వదిలేయాలి. అక్కడ చుట్టుదారి అంటే ఒక మనిషి తడి వల భుజాన వేసుకుని నడిచే దూరం.

కాగితం ఎలా రాయాలి

"మేం వ్యతిరేకిస్తున్నాం" అని వందమంది సంతకాలతో ఇచ్చేదానికన్నా, రెండు పేజీల లెక్క బలంగా పనిచేస్తుంది. టౌన్ సర్వే నంబరు, సందు కొలతలు, ఏ సంవత్సరపు లేఅవుట్‌లో అది రోడ్డుగా చూపించారో దాని నకలు పెట్టండి. లేఅవుట్ నకలు, దరఖాస్తు ఫైలు సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. జవాబుకి నెల గడువుంటుంది కాబట్టి నోటీసు చూసిన రోజే వెయ్యాలి. నడిచేవాళ్ళ లెక్క, ఫోటోలు, కింద ఉన్న పైపులు, చుట్టుదారి కొలత పెట్టండి. చివర్లో మీకు ఒప్పుకోదగ్గ ఎంపిక ఏదో కూడా రాయండి. ఒట్టి "వద్దు" చదివిన అధికారికి ఏం చెయ్యాలో తోచదు, "ఇది చెయ్యండి" అంటే ఫైలు కదులుతుంది. కమిషనర్ ఆఫీసులో, జోనల్ ఆఫీసులో రెండుచోట్లా ఇచ్చి, స్టాంపు వేసిన కాపీ తీసుకోండి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వండి. మీ కార్పొరేటర్‌ని సందు దగ్గరికి పొద్దున ఏడింటికి రమ్మని పిలవండి, మధ్యాహ్నం కాదు.

మా సందు అమ్ముడుపోలేదు. పైన వంతెనకి అనుమతి వచ్చింది, కింద రెండు చివర్లా రాతి స్తంభాలు పడ్డాయి, లైట్లు రెండు అడిగితే ఒకటి వచ్చింది. వంతెన లైసెన్సు వచ్చే జూన్‌లో మళ్ళీ పరిశీలనకి వస్తుంది. అప్పటికి కొత్త లెక్క కావాలి కాబట్టి మే నెలలో మళ్ళీ మూడు రోజులు కూర్చోవాలి. పొద్దున షిఫ్టుకి ఇద్దరు ఒప్పుకున్నారు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిదికి ఇంకొక మనిషి కావాలి.